చిన్న ఆసుపత్రిలో పేషెంట్ రికార్డులు: ఓపీ చిట్టీ నుంచి బ్యాకప్ దాకా

"ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?"

ఫోన్ మిర్యాలగూడ నుంచి వచ్చినా, దేవరకొండ నుంచి వచ్చినా, జడ్చర్ల నుంచి వచ్చినా మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది మూడో ప్రశ్న. చిట్టీ ఎటెటు తిరుగుతోంది అన్నది మొదటిది, ఒక మనిషికి ఒకే నంబర్ ఎలా అన్నది రెండోది. మొదటి రెండింటి సంగతి తేల్చుకోకుండా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ రిజిస్టర్ పుస్తకం తీస్తారు. నల్లగొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో రికార్డులు చూసుకున్న రోజుల్లో మేమూ అదే చేశాం. ఆ కంప్యూటర్ మీద చాలా రోజులు ఇంజెక్షన్ ట్రే పెట్టుకున్నారు.

ఒకరిద్దరు డాక్టర్ల క్లినిక్ నుంచి 30 పడకల ఆసుపత్రి దాకా ఈ పద్ధతి సరిపోతుంది. రెండు నెలలు పడుతుందనుకోండి. పదిహేను రోజుల్లో అయిపోతుందని ఎవరైనా అంటే వాళ్లు అమ్మడానికి వచ్చినవాళ్లు.

1. ముందు వారం రోజులు చిట్టీ వెంట తిరగండి

ఈ వారం కంప్యూటర్ జోలికి పోవద్దు. ఒక నోటుబుక్ పట్టుకుని ఓపీ చిట్టీ ఎక్కడ పుడుతుంది, ఎవరెవరి చేతుల్లోంచి పోతుంది, చివరికి ఎక్కడ ఆగుతుంది అన్నది చూస్తూ రాసుకోండి. రిసెప్షన్, బీపీ చూసే సిస్టర్, డాక్టర్, ల్యాబ్, మళ్లీ డాక్టర్, మందుల కౌంటర్, ఇంజెక్షన్ రూమ్. ఒక్కోచోట ఏం రాస్తున్నారు, ఏ పుస్తకంలో రాస్తున్నారు, ఎవరు రాస్తున్నారు?

మా దగ్గర ఇలా చూస్తే ఒకే మనిషి పేరు ఒక్కరోజులో ఏడుసార్లు రాస్తున్నామని తేలింది. ఏడింటిలో స్పెల్లింగులు మూడు రకాలు. కంప్యూటర్ తీర్చాల్సిన సమస్య అదీ. ఏడుసార్లు రాసేదాన్ని ఒకసారికి తేవాలి. ఏడు పుస్తకాలకు తోడు ఎనిమిదోదిగా కంప్యూటర్‌ను పెట్టుకోవడం కాదు.

వారం చివరికి మీ చేతిలో ఉండాల్సినవి:

- రోజుకు సగటున ఎన్ని ఓపీలు, వాటిలో పాతవాళ్లు ఎందరు, కొత్తవాళ్లు ఎందరు
- వాడుతున్న పుస్తకాలు, ఫారాలు, ఒక్కోదానికి ఖాళీ కాపీ
- ఏ గంటలో రద్దీ, సంత రోజు ఏది
- "పాత ఫైల్ దొరకలేదు" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వినిపించింది
- చట్టం ప్రకారం తప్పనిసరిగా కాగితం మీద ఉంచాల్సిన రిజిస్టర్లు, మీకు స్కానింగ్ ఉంటే ముఖ్యంగా

2. ఒక మనిషికి ఒకే నంబర్

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే టైమ్ ఉంటే ఇది చదవండి. రికార్డు ఎంత బాగున్నా, అది వేరే మనిషిది అయితే లేకపోవడమే నయం.

మన వైపు పేర్ల సంగతి తెలిసిందే. యాదగిరిగుట్ట మొక్కుతో యాదయ్యలు, యాదమ్మలు. జాన్‌పహాడ్ దర్గా మొక్కుతో సైదులు, సైదమ్మలు, జానయ్యలు. చెర్వుగట్టు చుట్టూ లింగయ్యలు, రామలింగాలు. పాలమూరు పోతే కురుమయ్యలు. ఒక ఉదయం ఓపీలో ముగ్గురు యాదమ్మలు కూర్చోవడం మామూలే. ఇంటిపేరు అడిగితే ఒకరు పుట్టింటిది చెప్తారు, ఇంకొకరు అత్తింటిది చెప్తారు.

మా దగ్గర ఒకే మండలానికి చెందిన సైదమ్మలు ఇద్దరు ఉండేవారు. ఇద్దరికీ యాభై దాటాయి, ఇద్దరికీ షుగర్. ఒకామె మూడు నెలల షుగర్ రిపోర్ట్ రెండో ఆమె ఫైల్లో పడింది. డాక్టర్ మందు పెంచి రాశారు. ఆమె కూతురు చిట్టీ చూసి, "మా అమ్మకు నిన్న రక్తమే తియ్యలే గద సార్, రిపోర్ట్ ఎట్లొచ్చింది?" అని అడిగింది కాబట్టి సరిపోయింది. తప్పు పట్టుకున్నది ఆ అమ్మాయి. మేం కాదు.

*రిజిస్ట్రేషన్‌లో అడగాల్సినవి*

- పేరు, ఆధార్‌లో ఉన్నట్టుగా. పిలుపు పేరు వేరే గడిలో.
- తండ్రి పేరా, భర్త పేరా అన్నది విడిగా గుర్తు పెట్టి, ఆ పేరు.
- పుట్టిన సంవత్సరం. వయసు కాదు. ఈరోజు 45 అని రాస్తే అయిదేళ్ల తర్వాత కూడా 45 అనే కనిపిస్తుంది. పెద్దవాళ్లు "ఉంటయ్ యాభై, అరవై" అంటే పెద్దబిడ్డ వయసు అడిగి లెక్కగట్టండి, పక్కన "అంచనా" అని పెట్టండి. చాలామంది ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది. ఆ తేదీని గుర్తింపుగా నమ్ముకోవద్దు.
- ఊరు, మండలం. రెండూ జాబితాలోంచి ఎంచుకునేట్టు ఉండాలి, టైప్ చేసేట్టు కాదు. తండా పేరుకు వేరే గడి. 2016లో కొత్త జిల్లాలు, మండలాలు వచ్చాక కూడా చాలామంది పాత మండలమే చెప్తారు. జాబితాలో ఊరి పేరు ఎంచుకుంటే మండలం దానంతటదే రావాలి.
- ఫోన్ నంబర్, దాని పక్కనే "ఈ ఫోన్ ఎవరిది?"

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ దాన్ని వదిలేయొద్దు. ఒక ఇంట్లో అయిదుగురికీ ఒకే నంబర్ ఉంటుంది. పేషెంట్లను తీసుకొచ్చే ఆర్ఎంపీ తన నంబరే ఇస్తాడు. మా జాబితాలో ఒకే ఫోన్ మీద నలభైకి పైగా పేషెంట్లు కనిపించారు, అందరూ ఒక ఆర్ఎంపీ పంపినవాళ్లే. ఆ నంబర్‌కు రిపోర్ట్ మెసేజ్ పంపితే ఎవరి రిపోర్ట్ ఎవరు చదువుతున్నట్టు?

*కొత్త నంబర్ ఇచ్చే ముందు వెతికే వరుస*

1. పాత చిట్టీ గానీ కార్డు గానీ ఉందా? మనవాళ్లు కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెస్తారు. ఆ కవర్ అడగండి, సగం సార్లు పని అక్కడే అయిపోతుంది.
2. ఫోన్ నంబర్‌తో వెతకండి. వచ్చిన పేర్లన్నీ చూడండి, మొదటిది నొక్కేయొద్దు.
3. పేరులో మొదటి మూడు అక్షరాలు, ఊరు కలిపి వెతకండి. పూర్తి పేరుతో వద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో యాదయ్య అని రాయడానికి కనీసం నాలుగు దారులున్నాయి. తెలుగులో టైప్ చేసే సాఫ్ట్‌వేర్ దొరికితే ఈ బాధ చాలావరకు ఉండదు.
4. ఇవేవీ కుదరకపోతేనే కొత్త నంబర్.

పేషెంట్‌ను "మీరు యాదమ్మేనా?" అని అడగకూడదు. గుంపులో వినబడక అందరూ "ఆఁ" అంటారు. "అమ్మా, నీ పేరేంది, ఏ ఊరు, ఇంటాయన పేరేంది?" అని వాళ్ల నోటితోనే చెప్పించండి. రక్తం తీసే ముందు, ఇంజెక్షన్ ఇచ్చే ముందు కూడా ఇదే పద్ధతి.

*పసిపిల్లలు, పేరు తెలియనివాళ్లు*

కాన్పు అయిన రోజే బిడ్డకు సొంత నంబర్ ఇవ్వాలి. "బేబీ ఆఫ్ లక్ష్మి" అని పెట్టి తల్లి నంబర్‌తో ముడివేయండి. కవలలైతే ఒకటి, రెండు. బారసాల అయ్యాక టీకాకు వస్తే అదే నంబర్‌లో పేరు మార్చాలి. ఇక్కడే అందరూ కొత్త రిజిస్ట్రేషన్ చేసేస్తారు, పుట్టినప్పటి బరువు, కామెర్లు, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) వివరాలు పాత నంబర్‌లోనే ఉండిపోతాయి.

65వ నంబర్ జాతీయ రహదారి మీదో, 44 మీదో యాక్సిడెంట్ అయి స్పృహ లేని మనిషి వస్తే పేరు కోసం ఆగొద్దు. "గుర్తు తెలియని పురుషుడు" అని, తేదీ, టైమ్, ఒంటి మీది గుర్తులు రాసి నంబర్ ఇచ్చేయండి. బంధువులు వచ్చాక అదే నంబర్‌లో పేరు చేర్చండి. పేరు ఎవరు, ఎప్పుడు చేర్చారో కనిపించాలి, అది రేపు ఎంఎల్‌సీలో (పోలీసు, కోర్టు దాకా పోయే మెడికో-లీగల్ కేసులో) అడుగుతారు.

*రెండు నంబర్లు పడిపోతే*

పడతాయి. వాటిని కలిపే అధికారం ఒక్కరికే ఉండాలి. వారానికి రెండుసార్లు కూర్చుని చూడాలి. పేరు కాకుండా కనీసం మూడు వివరాలు కలిస్తేనే కలపాలి. అనుమానం ఉంటే అలాగే వదిలేసి, పేషెంట్ వచ్చినప్పుడు అడగండి. ఒకే మనిషికి రెండు ఫైళ్లు ఉంటే చిరాకు. ఇద్దరు మనుషులు ఒకే ఫైల్లో ఉంటే ప్రమాదం.

*ఆభా నంబర్ సంగతి*

కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ (ఏబీడీఎం) కింద ఇచ్చే ఆభా 14 అంకెల నంబర్. అది మీ ఆసుపత్రి నంబర్‌కు బదులు కాదు, దాని పక్కన ఇంకో గడి. ఆభా తీసుకోవడం పేషెంట్ ఇష్టం. లేదని చిట్టీ ఆపకూడదు.

ఆభా చేసేటప్పుడు ఆధార్‌కు ఇచ్చిన ఫోన్‌కు ఓటీపీ రావాలి. చాలామందికి రాదు, ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. అప్పుడు రిసెప్షనిస్ట్ తన ఫోన్ నంబర్ ఇచ్చి పని కానివ్వడం నేను కళ్లారా చూశాను. అది మాత్రం చేయనివ్వకండి. ఆ మనిషి రికార్డులకు తాళంచెవి మీ రిసెప్షనిస్ట్ దగ్గర ఉండిపోతుంది. ఆధార్‌లో ఫోన్ నంబర్ అప్‌డేట్ చేయించుకుని రమ్మని చెప్పండి, ఈలోగా మీ ఆసుపత్రి నంబర్‌తో పని నడుస్తుంది.

ఆభా వాడాలనుకుంటే మీ ఆసుపత్రిని హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలోను, డాక్టర్లను హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీలోను నమోదు చేయించాలి. ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. కాగితాల్లో పేరు తేడా ఉంటే ఆలస్యమవుతుంది.

3. ఇప్పుడు సాఫ్ట్‌వేర్

అమ్మేవాళ్లు చూపించే డెమోలో పేషెంట్ పేరు ఎప్పుడూ రమేశ్, వయసు 30, జ్వరం. మీరు మీ సొంత చిట్టీలు ఇరవై తీసుకుని వాళ్ల ముందు పెట్టండి. పేర్లు కనిపించకుండా చెరిపి, కేసులు మాత్రం మీవే ఉండాలి. షుగర్, బీపీ, కీళ్ల నొప్పులు కలిసిన పెద్దావిడ, కాన్పు కేసు, పాము కాటు, రీ-విజిట్. "ఇవి ఎక్కించి చూపండి" అనండి. రద్దీ గంటలో ఒక పాత పేషెంట్ చిట్టీ నిమిషంలోపు రావాలి. రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు కాదు.

అడగాల్సినవి, రాతపూర్వకంగా:

- మేం మానేస్తే డేటా మొత్తం తిరిగి ఇస్తారా, ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో? పీడీఎఫ్‌ల గుట్ట ఇస్తే చాలదు, వేరే సాఫ్ట్‌వేర్ చదివే రూపంలో ఇవ్వాలి.
- నెట్ లేకపోతే నడుస్తుందా?
- ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూపిస్తుందా? ఆ లాగ్‌ను మేనేజర్ కూడా చెరపలేకుండా ఉందా?
- ఒక్కొక్కరికి వేరు వేరు లాగిన్, వేరు వేరు అధికారాలు ఉన్నాయా?
- చిట్టీ తెలుగులో ప్రింట్ అవుతుందా? "పొద్దున 1, రాత్రి 1, తిన్నాక" అని రావాలి.
- ఆభాతో అనుసంధానం ఏ మైలురాయి దాకా అయింది? మొదటిది నంబర్ చేయడం, రెండోది రికార్డు పంచడం, మూడోది పేషెంట్ అనుమతితో వేరేచోటి రికార్డు చూడటం. "మాది ఏబీడీఎం రెడీ" అన్న మాటకు అర్థం లేదు, ఎంత దాకా అని అడగండి.
- రోగాలకు ఐసీడీ కోడ్‌లు, ల్యాబ్ పరీక్షలకు లోయిన్క్ కోడ్‌లు వాడుతుందా? కేంద్రం 2016లో సవరించిన ఈహెచ్ఆర్ (కంప్యూటర్‌లో ఉంచే పేషెంట్ రికార్డు) ప్రమాణాలలో ఇవి ఉన్నాయి.

బాహ్మ్ని, ఓపెన్‌ఎంఆర్ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ చూసుకోవడానికి తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషి హైదరాబాద్‌లో ఉండి, మీ సర్వర్ నారాయణపేటలో ఉంటే ఉచితం కాస్తా ఖరీదవుతుంది. ఎక్సెల్ మాత్రం వద్దు. ఎవరు ఏం మార్చారో ఎక్సెల్ సరిగా చెప్పదు, ఒక్క తప్పు సార్టింగ్‌తో అందరి రిపోర్టులూ పక్కవాళ్లకు పోతాయి.

4. ఎప్పుడు మొదలుపెట్టాలి, పాత ఫైళ్లేం చేయాలి

వానాకాలం జ్వరాల రోజుల్లో మొదలుపెట్టొద్దు. సంత రోజు వద్దు. యాసంగి నాట్లప్పుడు, కోతలప్పుడు ఓపీ పలచబడుతుంది కదా, అది మంచి అదను. మొదటి వారం రిసెప్షన్ మాత్రమే. రెండో వారం బీపీ, బరువు లాంటివి, ల్యాబ్. మూడో వారం డాక్టర్ గది. ఐపీ (ఆసుపత్రిలో చేరినవాళ్ల) కేస్ షీట్లు అన్నింటికంటే చివర.

పాత ఫైళ్లన్నీ కూర్చుని ఎక్కించాలనుకోవద్దు. ఇద్దరు కుర్రాళ్లను పెట్టి పదేళ్ల ఫైళ్లు టైప్ చేయించిన ఒక చోట, సగం ఎంట్రీల్లో మందు డోసులు తప్పు పడ్డాయి. దానికంటే ఈ పద్ధతి మేలు:

- ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ తర్వాత వచ్చిన పాత పేషెంట్ ఫైల్ మాత్రమే తీయండి.
- దాంట్లోంచి నాలుగే ఎక్కించండి: పడని మందులు, పాత జబ్బులు, ఆపరేషన్లు, ఇప్పుడు వాడుతున్న మందులు. డాక్టర్ గానీ సిస్టర్ గానీ సరిచూడాలి.
- మిగతా కాగితాలు స్కాన్ చేసి అదే నంబర్‌కు తగిలించండి. ఫైల్ పేరు వరుస ఒక్కటే ఉండాలి: పేషెంట్ నంబర్, తేదీ, రకం.
- స్కాన్ అయిన ఫైల్ మీద స్టాంపు వేయండి. లేకపోతే రెండోసారీ స్కాన్ చేస్తారు.

ఆర్నెల్లలో క్రమం తప్పకుండా వచ్చేవాళ్ల రికార్డులన్నీ వాటంతటవే లోపలికి వచ్చేస్తాయి. రానివాళ్లవి అల్మరాలో ఉంటాయి, తొందరేం లేదు.

5. ఒక్కో విజిట్‌లో ఏం రాయాలి

డాక్టర్లు టైప్ చేయరు. ఇది నిజం, దీని చుట్టూ పని అల్లుకోవాలి. రోజుకు 80 ఓపీలు చూసే డాక్టర్‌ను పది గడులు నింపమంటే మూడో రోజుకు అన్ని గడుల్లో చుక్క పెడతారు. అందుకే డాక్టర్ ప్రతిసారీ తప్పనిసరిగా నింపే గడులు నాలుగు మించొద్దు: బాధ ఏమిటి, రోగ నిర్ధారణ, మందులు, మళ్లీ ఎప్పుడు రావాలి. బీపీ, షుగర్, బరువు సిస్టర్ ముందే ఎక్కిస్తుంది. కావాలంటే డాక్టర్ చెప్తుంటే పక్కన కూర్చుని టైప్ చేసే మనిషిని పెట్టండి, కానీ సేవ్ చేసే ముందు డాక్టర్ ఒకసారి చదవాలి.

పడని మందు గడి ఖాళీగా ఉండకూడదు. "లేదు" అని అడిగి రాసిన దానికి, అసలు అడగకుండా వదిలేసిన దానికి తేడా ఉంది. "లేదు", "తెలియదు", "ఉంది" అని మూడు పెట్టండి.

మందు పేరు, బలం, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు. జాబితాలోంచి ఎంచుకునేప్పుడు ఒకేలా వినిపించే పేర్లు పక్కపక్కనే వస్తాయి. వేలు ఒక్క గీత కిందికి జారితే బీపీ మాత్ర బదులు ఇంకోటి పడుతుంది. ప్రింట్ అయిన చిట్టీని మందుల కౌంటర్‌లో గట్టిగా చదివి ఇచ్చే అలవాటు చేయండి.

అన్నింటికంటే పెద్ద జబ్బు కాపీ-పేస్ట్. పోయినసారి రాసింది లాగి పెట్టేస్తే, రెండేళ్ల కిందట మానిన పుండు ఇంకా "డ్రెస్సింగ్ జరుగుతోంది" అనే ఉంటుంది. మగాయన ఫైల్లో గర్భసంచి బాగుందని రాసి ఉండటం కూడా చూశాను. టెంప్లేట్ వాడండి, కానీ పరీక్ష చేసి చూసిన వివరాలు ఎప్పటికప్పుడు ఖాళీగానే తెరుచుకోవాలి.

తప్పు పడితే చెరపకండి. కింద కొత్తగా "సవరణ" అని, తేదీ, టైమ్, పేరుతో రాయండి. కాగితం మీద ఒక గీత కొట్టి సంతకం పెట్టినట్టే ఇదీ. చెరిపిన రికార్డు కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

రికార్డు అసలు లాభం ఇక్కడ కనిపిస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి నడుము పట్టేసి వచ్చిన మనిషి పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూస్తే ఫ్లోరోసిస్ ఎంత ముదిరిందో తెలుస్తుంది. షుగర్ పేషెంట్ క్రియాటినిన్ మూడేళ్ల అంకెలు వరసగా కనిపిస్తే కిడ్నీ సంగతి ముందే అర్థమవుతుంది. ఒక్క చిట్టీలో అది కనిపించదు.

పాలమూరు వైపు ఇంకో పని తప్పక చేయాలి. ముంబైకో, పుణేకో వలస పోయే ముందు వచ్చే పేషెంట్‌కు ఒక పేజీ సారాంశం ప్రింట్ చేసి ఇవ్వండి: జబ్బు, మందుల అసలు పేర్లు, చివరి రిపోర్టులు, పడనివి. అక్కడి డాక్టర్‌కు మన చిట్టీలో తెలుగు అర్థం కాదు, ఆ పేజీ ఇంగ్లిష్‌లో ఉండాలి. ఫోన్లో ఫోటో కూడా తీసుకోమనండి. టీబీ మందులు మధ్యలో ఉన్నవాళ్లకైతే వాళ్ల నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో వాళ్ల నంబర్) అదే కాగితం మీద రాయండి, మందు అక్కడ ఆగకుండా తీసుకోవచ్చు.

6. ఎవరు ఏం చూడొచ్చు

ఒక్క పాస్‌వర్డ్‌తో పదిమంది పనిచేసే చోట తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు. మానిటర్ మీద చీటీ అతికించిన పాస్‌వర్డ్ కూడా అంతే.

- రిసెప్షన్: పేరు, ఊరు, ఫోన్, అపాయింట్‌మెంట్. రోగం వివరాలు కనిపించకూడదు.
- ల్యాబ్: పరీక్ష పేరు, రిపోర్ట్.
- సిస్టర్లు: తమ వార్డు వాళ్లవి.
- డాక్టర్లు: తమ పేషెంట్లవి. వేరేవాళ్లవి తెరిస్తే కారణం రాయాలి.
- బిల్లింగ్: చేసిన పనులు, రేట్లు.
- ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్: ఆ సాయంత్రమే మూయాలి. జీతం లెక్క తేల్చే కాగితంలోనే ఈ గడి పెట్టండి.

కంప్యూటర్‌కు ముందు నోరు అదుపులో పెట్టాలి. "హెచ్ఐవీ రిపోర్ట్ వచ్చింది, ఎవరమ్మా?" అని హాల్లో కేకేస్తే ఏ సాఫ్ట్‌వేర్ కాపాడుతుంది? ఆ వివరం గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టమే చెప్తోంది. గర్భస్రావం కేసులదీ అదే జాగ్రత్త.

ఫోన్లు వస్తాయి. "మా వదిన రిపోర్ట్ ఏమొచ్చింది?" అని. చుట్టమే కావచ్చు. చెప్పొద్దు. రిజిస్ట్రేషన్ అప్పుడే "మీ రిపోర్టులు ఎవరికి చెప్పొచ్చు?" అని అడిగి రాసుకోండి. ఆడవాళ్లను పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి. అత్త పక్కన నిలబడి ఉంటే కోడలు "అందరికీ చెప్పుండ్రి" అనే అంటుంది.

స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా ఎక్స్‌రే ఫోటోలు తిరుగుతుంటే ఈరోజే ఆపండి. డాక్టర్‌కు అర్జెంటుగా పంపాల్సి వస్తే పేరు కనబడకుండా నంబర్ మాత్రం ఉంచి, ఆయన ఒక్కరికే పంపండి, పని అయ్యాక తీసేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో సరైన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. మీ మీద అంత వేస్తారని కాదు, ఆ చట్టం మీ చిన్న క్లినిక్‌కు కూడా వర్తిస్తుందని చెప్పడం.

7. కరెంటు, నెట్, బ్యాకప్

ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. యూపీఎస్‌కు సర్వర్ ఒక్కటే తగిలించి ఊరుకుంటారు. రౌటర్, రిసెప్షన్ కంప్యూటర్, చిట్టీ ప్రింటర్ కూడా దాని మీదే ఉండాలి.

సిస్టమ్ ఆగితే తీయడానికి రిసెప్షన్ కింద ఒక డబ్బా పెట్టండి:

- ఖాళీ చిట్టీలు 100, వాటి మీద ముందే ముద్రించిన "డి" వరుస నంబర్లు
- ఖాళీ ల్యాబ్ ఫారాలు, కేస్ షీట్లు
- కార్బన్ పేపర్, పెన్నులు, టార్చి
- సిస్టమ్ వచ్చాక ఎవరు ఎక్కించాలో రాసిన కాగితం

"డి" నంబర్లు అదే రోజు రాత్రికి ఎక్కించాలి. రేపటికి వదిలితే అవి ఎక్కవు.

బ్యాకప్ లెక్క సులువు: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆసుపత్రి బయట. రెండు హార్డ్ డిస్కులు కొనండి, రోజు విడిచి రోజు ఒక్కోటి. బ్యాకప్ అవ్వగానే వైరు తీసేయాలి. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ తినేస్తుంది. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే దాదాపు రెండు వారాలు చేత్తో రాసుకుని నడిపించారు. అంత పెద్ద సంస్థకే ఆ తిప్పలు తప్పలేదు. బయటికి తీసుకెళ్లే డిస్కుకు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ ఉండాలి, ఆర్టీసీ బస్సులో మరిచిపోయినా ఎవరూ తెరవలేకుండా.

నెలకోసారి వేరే కంప్యూటర్‌లో ఆ బ్యాకప్ తెరిచి చూడండి. నిన్నటి తేదీ పేషెంట్ ఒకరి రిపోర్ట్ కనిపించాలి. మేం ఎనిమిది నెలలు రోజూ "బ్యాకప్ సక్సెస్" అన్న మెసేజ్ చూసి నిశ్చింతగా పడుకున్నాం. తెరిచి చూస్తే ఖాళీ ఫోల్డర్.

8. రికార్డు అడిగితే ఇవ్వడం, ఎన్నేళ్లు ఉంచడం

మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం పేషెంట్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అటెండెంట్ గానీ, చట్టపరమైన అధికారులు గానీ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. "సార్ ఊర్లో లేరు" అన్నది జవాబు కాదు. బిల్లు బాకీ ఉందని రికార్డు ఆపడం ఇంకా పెద్ద తప్పు.

- అడిగినట్టు రాతపూర్వకంగా తీసుకుని, తేదీ వేసిన రసీదు ఇవ్వండి.
- కాపీ ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచండి. ప్రతి పేజీ మీద స్టాంపు, పేజీ నంబర్.
- పోలీసులు అడిగితే లేఖ తీసుకోండి, ఇచ్చినవాటికి సంతకం తీసుకోండి.
- ఎవరికి, ఎప్పుడు, ఏమిచ్చారో ఒక పుస్తకం.

ఐపీ రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం మూడేళ్లు ఉంచాలి. గర్భిణుల స్కానింగ్‌కు నింపే ఫారం-ఎఫ్ రికార్డులు రెండేళ్లు, కేసు నడుస్తుంటే అది తేలేదాకా. ఏ నెల స్కానింగ్‌ల రిపోర్ట్ అయినా వచ్చే నెల 5లోగా అధికారులకు పంపాలి. ఎంఎల్‌సీ ఫైళ్లు కేసు పూర్తయ్యేదాకా తాకొద్దు. ఇవి కనీస గడువులు. కంప్యూటర్‌లో ఉన్నవాటిని మూడేళ్లకే తీసేయాల్సిన పని లేదు. పిల్లల రికార్డులు వాళ్లకు 18 దాటేదాకా ఉంచమనే నా సలహా.

9. మొదటి నెలలో వచ్చే తిప్పలు

*లైన్ పెరిగిపోయింది, జనం అరుస్తున్నారు.* మొదటి పది రోజులు మామూలే. పాతవాళ్లకు ఒక కిటికీ, కొత్తవాళ్లకు ఒక కిటికీ పెట్టండి. కొత్తవాళ్లకు టైమ్ పడుతుంది, వాళ్ల వెనక పాతవాళ్లు ఆగకూడదు.

*పుస్తకంలోనూ రాస్తున్నారు, కంప్యూటర్‌లోనూ కొడుతున్నారు.* రెండు వారాలు ఓర్చుకోండి, తర్వాత ఒక తేదీ చెప్పి పుస్తకం తీసేయండి. చట్టప్రకారం ఉండాల్సిన రిజిస్టర్లు తప్ప. పుస్తకం బల్ల మీద ఉన్నన్నాళ్లు చేయి దాని మీదికే పోతుంది.

*ల్యాబ్ రిపోర్ట్ పేషెంట్ ఫైల్లోకి రావడం లేదు.* శాంపిల్ ట్యూబ్ మీద పేరు మాత్రమే రాస్తున్నారేమో చూడండి. నంబర్ ఉన్న స్టిక్కర్ పేషెంట్ ముందే అంటించాలి. తర్వాత ల్యాబ్‌లో కూర్చుని అంటిస్తే మళ్లీ సైదమ్మల కథే.

*ఒక్క సిస్టర్‌కే అంతా తెలుసు, ఆమె సెలవు పెడితే పని ఆగుతోంది.* రెండో మనిషికి నేర్పే బాధ్యత ఆమెకే ఇవ్వండి, దానికి వేరే డబ్బు ఇవ్వండి. ఊరికే నేర్పమంటే ఎవరూ నేర్పరు.

*పెద్ద డాక్టర్ ఇంకా చేత్తోనే రాస్తున్నారు.* గొడవ పడొద్దు. ఆయన చిట్టీ స్కాన్ చేసి తగిలించండి, మందులు మాత్రం సిస్టర్ ఎక్కించి ఆయనతో సరిచూపించండి. తర్వాత ఒకరోజు ఆయన పాత పేషెంట్ మూడేళ్ల షుగర్ గ్రాఫ్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టండి. మా దగ్గర పెద్దసారు అది చూసి, "ఇది అందరికీ వస్తదా?" అని అడిగారు. మర్నాడు కీబోర్డ్ తన వైపు తిప్పుకున్నారు.